పదకొండో పేరు

పది అని రాసింది మీరు. చల్లటి గదిలో కూర్చుని, ఒక్కో కేంద్రానికి పదిమంది పిల్లలకే బలం పొట్లాలు అని కాగితం మీద రాసి, కింద సంతకం గీకింది మీరు. ఆ బస్తీలో ఎముకలు తేలిన పిల్లలు ఎంతమంది ఉన్నారో ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు. ఆ పది అనే అంకె మీ కాగితం మీంచి దిగి, రెండు గదుల ఇంట్లోకి దూరి ఏం చేసిందో చెబుతాను, వినండి. ఈ కథలో ఒక మనిషి తోటికోడలి మీద ఏడుస్తుంది, చాడీ చెబుతుంది, పసిపిల్ల నోటికాడి ముద్ద లాక్కుంటుంది. ఆమెను తిట్టాలనిపిస్తుంది మీకు. తిట్టండి. ఆమెకూ చీవాట్లు పడాల్సిందే. కానీ ముందు వరసలో నిలబడాల్సింది మీరు.

ఆ ఇల్లు కోళ్ళ ఫారం గోడకి ఆనుకున్న బస్తీలో ఉంది. అన్నదమ్ములిద్దరూ దాణా మిల్లులో బస్తాలు మోస్తారు. మధ్య గోడ ఒకటే ఉన్న రెండు గదులు, ముందు ఉమ్మడి వసారా, ఇద్దరికీ ఒకే పొయ్యి. పెద్దకోడలికి రెండున్నరేళ్ళ కూతురు. దాని కాళ్ళూ చేతులూ చూసి బస్తీ అంతా దాన్ని పుల్ల అంటుంది. చిన్నకోడలి కూతురికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఉబ్బిన బుగ్గలు, గుండ్రటి కాళ్ళు. దాన్ని బంతి అంటారు. బంతి తర్వాత ఒక పసివాడు, మూడు నెలలవాడు. వాడు కడుపులో పడగానే బంతికి చనుబాలు మాన్పించి గంజి పట్టారు. పొద్దున గంజి, మధ్యాహ్నం గంజి, సాయంత్రం అదే గంజి ఇంకాస్త పలచగా.

పెద్దకోడలు ఫారంలో గుడ్లు చూసే పని చేస్తుంది. చీకటి గది, బల్ల, బల్లలో రంధ్రం, రంధ్రం కింద బల్బు. గుడ్డుని ఆ వెలుతురు మీద పెట్టి తిప్పితే లోపలంతా కనిపిస్తుంది. వెంట్రుకంత పగులున్నా, నెత్తురు చుక్క ఉన్నా పక్కన పెట్టెయ్యాలి. రోజుకి వేల గుడ్లు ఆమె వేళ్ళ మధ్య తిరుగుతాయి. ఒక్కటీ ఇంటికి రాదు. పగిలినవి కూడా డబ్బాల్లో పోసి రొట్టెల బట్టీకి పంపేస్తారు. సాయంత్రం గేటు దగ్గర కాపలా ఆవిడ కొంగూ, జాకెట్టూ, టిఫిన్ గిన్నే తడిమి చూశాకే బయటికి వదులుతుంది.

ఆమెకి ఏడుపు ఎప్పుడు పట్టుకుందో చెప్పాలి. నాలుగు నెలల కిందట పిల్లల తూకం కేంద్రంలో మొదలైంది. ఆ కేంద్రం నడిపే ఆవిడని అందరూ బరువమ్మ అంటారు. మనిషి గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది, పేరు మాత్రం బరువమ్మ. దూలానికి వేలాడే కాటా, దాని కొక్కేనికి గుడ్డ ఉయ్యాల. పిల్లల్ని అందులో కూర్చోబెట్టి తూచి, చేతికి రంగుల పట్టీ చుట్టి కొలుస్తుంది. పట్టీ ఎర్రగీత దగ్గర ఆగితే పేరు జాబితాలోకి ఎక్కుతుంది. వారానికోసారి బలం పొట్లాలు ఇస్తారు. మెరిసే కాగితంలో తియ్యటి వేరుశనగ ముద్ద, కొరకక్కర్లేదు, పిండితే నోట్లోకి వస్తుంది. ఆ రోజు బంతి చెయ్యి పుల్ల చేతికంటే సన్నగా ఉంది. బంతికి ఎరుపు పడింది. పుల్లకి ఎర్రగీత దాటి ఒక్క నూలుపోగంత పసుపులోకి పోయింది. పదో పేరు బంతిది.

"ఒక్క పోగేగదమ్మా, కొంచెం బిగించి చుట్టండి," అంది పెద్దకోడలు.

"బిగిస్తే నీదొక్కటే కాదు, అందరివీ బిగించాలి. పదే వస్తాయి. నేనేమన్నా ఇంట్లో వండి తెస్తున్నానా?" అంది బరువమ్మ.

ఆ నూలుపోగు ఆమె గొంతుకి చుట్టుకుంది. తన పిల్ల ఇంకొంచెం చిక్కి ఉంటే బాగుండేదని ఒక తల్లి అనుకుందంటే, ఆ ఆలోచన ఆమెది కాదు. మీ కాగితం పుట్టించింది.

అప్పట్నుంచి బంతి మీద ఆమె కన్ను పడింది. నెలలు గడిచేకొద్దీ బంతి బుగ్గలు నిండాయి. పాదాలు గుండ్రమయ్యాయి. మణికట్టు దగ్గర దారం కట్టినట్టు మడత పడింది. జుట్టు నలుపు పోయి రాగిరంగు తిరిగింది. ఫారం యజమాని కూతురు కారు దిగినప్పుడు అచ్చం అలాంటి రంగు జుట్టే ఎండలో మెరవడం పెద్దకోడలు చూసింది. ఇంతకుముందు రోజంతా రాగం తీసే పిల్ల, ఇప్పుడు మూల కూర్చోబెడితే కూర్చున్నచోటే ఉంటుంది. పుల్ల మాత్రం పొద్దున లేచింది మొదలు 'అమ్మా ఆకలి, అమ్మా ఆకలి' అని కొంగు పట్టుకుని తిరుగుతుంది.

"పెట్టి పుట్టిన పిల్ల. కడుపు నిండింది కాబట్టి నోరు మూసుకుని కూర్చుంది," అనుకుంది పెద్దకోడలు.

బల్ల దగ్గర ఆమె పక్కన కూర్చునే మనిషికి వాగుడుకాయ అని పేరు. చేతిలో గుడ్డు ఎంత జోరుగా తిరుగుతుందో నోరూ అంతే. ఒకరోజు గుడ్డు తిప్పుతూ అంది:

"నీ తోటికోడలి పిల్లని చూశానొదినా. ఏం బొద్దుగా ఉందే. ఎవరు పెంచుతున్నారు, నువ్వా, ఆవిడా?"

"నా పిల్లని కూడా ఆవిడే చూసుకుంటోంది పగలంతా. నేను ఇక్కడ చస్తుంటే."

"అలాగా. మరి నీదేంటి అలా చీపురుపుల్లలా ఉంది? ఒకే వంట, ఒకే పొయ్యి. గరిటె మాత్రం ఒకవైపే వంగుతోందేమో చూసుకో."

పెద్దకోడలి చేతిలో గుడ్డు చిట్లింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళలేదు. నేరుగా బరువమ్మ దగ్గరికి వెళ్ళింది.

"మా మరిది కూతుర్ని మళ్ళీ తూచండి. అది ఎలా ఉందో మీ కళ్ళతో చూడండి. ఆ పిల్లకి పొట్లాలెందుకు? అవతల నా పిల్ల ఎముకలు లెక్కపెట్టుకునేలా ఉంది."

బరువమ్మ ఒకత్తే మూడు బస్తీలు తిరుగుతుంది. తూకం వారం వారం రాసినా పట్టీ మాత్రం మొదటిరోజు చుట్టిందే, మళ్ళీ చుట్టే తీరిక ఆమెకి లేదు. మర్నాడు బంతిని ఉయ్యాలలో వేసింది. ముల్లు గీత దాటింది. బాగుపడింది అని రాసింది. ఆ కాగితంలో ప్రతి పేరు పక్కనా అన్నిటికంటే ముందు ఒక గడి ఉంది, 'పాదాల వాపు: ఉంది, లేదు' అని. ఆ గడి దేనికో ఆమెకి ఎవరూ నేర్పలేదు. నెల మొదట్లోనే పేజీ పొడుగునా పైనుంచి కిందికి ఒకే గీత లాగి, అందరికీ కలిపి 'లేదు' చేసేస్తుంది. బంతి పేరు కొట్టేసి, ఆ ఖాళీలో, ఎర్రగీతకి అందరికంటే దగ్గరగా ఆగిన పుల్ల పేరు రాసింది.

ఇంటికి వచ్చేటప్పుడు పెద్దకోడలి కొంగులో ఏడు పొట్లాలున్నాయి. పోట్లాట తప్పదని ఆమెకి తెలుసు. నాలుగు మాటలు సిద్ధం చేసుకుంది. చిన్నకోడలు పొయ్యి దగ్గర గంజి కలుపుతోంది. ఒడిలో పసివాడు, పక్కన మూలలో బంతి.

"పోనీలే అక్కా," అంది చిన్నకోడలు. తల కూడా తిప్పలేదు. "ఇన్నాళ్ళూ బంతి పొట్లాల్లో పుల్ల తింది. ఇకనుంచి పుల్ల పొట్లాల్లో బంతి తింటుంది. ఎవరి పేరుంటే ఏముంది?"

"పుల్ల తిందా? ఎప్పుడు తింది?"

"నువ్వు పనికి పోయినప్పుడు. పొట్లం విప్పితే రెండూ నోళ్ళు తెరుచుకుని నిలబడతాయి. ఒకదానికి పెట్టి ఒకదాన్ని చూస్తూ ఉండమంటే ఎలా కుదురుతుందక్కా?"

పెద్దకోడలికి ఒళ్ళు మండింది. ఈ మాట నిజమైతే తను నాలుగు నెలలు ఊరికే ఏడ్చినట్టు. అందుకే నిజం కాదనుకుంది. పోయినవి ఎలాగూ పోయాయి కాబట్టి మంచిపేరైనా దక్కించుకుందామని చూస్తోంది, గడుసుది, అనుకుంది. పొట్లాలు రేకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి మెళ్ళో దారానికి కట్టుకుంది. పనికి పోయేముందు తన చేత్తో పుల్లకి ఒకటి తినిపించి, ఖాళీ కాగితం కూడా జేబుసంచిలో దోపుకుని వెళ్ళేది, బంతి నాక్కోకుండా. వింటుంటే మీకు అసహ్యంగా ఉందా? ఆమెకి లేదు. ఆ వారం ఆమె హాయిగా నిద్రపోయింది.

హాయి ఒక్క వారమే. రెండో వారానికి బంతి తగ్గాల్సింది పోయి ఇంకా పెరిగింది. మొహం పళ్ళెంలా అయింది. కళ్ళు సన్నటి గీతలయ్యాయి. పాదాలు కొత్త దిండుల్లా నిగనిగలాడాయి. పెద్దకోడలికి మతి పోయింది. పొట్లాలు నా పెట్టెలో ఉన్నాయి, పొయ్యి మీద గంజి తప్ప ఏమీ లేదు, మరి ఇది దేంతో లావెక్కుతోంది? చిన్నకోడలు ఎక్కడో ఏదో సంపాదిస్తోంది. దాచి పెడుతోంది. ఒకరోజు ఆమె నీళ్ళకి వెళ్ళినప్పుడు ఆ గదిలో దూరి డబ్బాలు వెతికింది. ఒకదాంట్లో గంజిపిండి, ఒకదాంట్లో ఉప్పు, ఒకదాంట్లో పసివాడి గుడ్డలు. పరుపు కింద చూసింది. గుడ్డు పెంకు కోసం పొయ్యిబూడిద కూడా కెలికింది.

పుల్లని పిలిచి గడ్డం పట్టుకుంది. "పిన్ని బంతికి ఏం పెడుతోందే? నాకు చెప్పు, కొట్టను."

"గంజి."

"ఇంకా?"

పుల్ల ఆలోచించింది. "బంతి తినట్లే. బంతిది నాకు పెడుతోంది."

పెద్దకోడలు ఆ మాట విని కూడా వినలేదు. పిల్లకి మాటలు నేర్పి పెట్టిందనుకుంది.

ఫారంలో వారానికోసారి కోళ్ళ డాక్టరు వస్తాడు. నిజంగా వస్తాడు, ఒక్క వారం తప్పడు. పంజరాల్లోంచి యాభై కోళ్ళని తీసి కాటాకి వేలాడదీస్తారు. సగటున నాలుగు గ్రాములు తగ్గితే ఆ సాయంత్రానికల్లా దాణా మారుతుంది, సోయాపిండి పెంచుతారు, ఎండుచేపల పొడి పెంచుతారు. ఆ దాణా మూటలు మోసే అన్నదమ్ముల పిల్లలు గంజి తాగుతారు. ఆ రోజు మనిషి తక్కువై పెద్దకోడల్ని కోళ్ళు పట్టుకోవడానికి పిలిచారు. ఆమె ఒక కోడిని ఎత్తి అందించింది. మిగతావాటికంటే బరువుగా, బోర్లించిన గంపలా ఉంది.

"ఇది భలే ఉంది సార్. అన్నిటికంటే బలమైంది," అంది. కోడి మీద కూడా ఆమెకి కాస్త కన్నుకుట్టింది, దాచడం ఎందుకు.

డాక్టరు పొట్ట కింద బొటనవేలితో నొక్కి చూసి పక్క బుట్టలో పడేశాడు.

"బలమా? నీళ్ళపొట్ట ఇది. లోపల ఉన్నది కండ కాదమ్మా, నీళ్ళు. ముల్లు పెరిగిందని మురిసిపోతే వారంలో చస్తుంది. ఇవి గోల చెయ్యవు, మేత దగ్గరికి రావు, ఓ మూల కూర్చుంటాయి. మూల కూర్చున్న లావుపాటి కోడిని ఎప్పుడూ నమ్మకు."

ఆమె చేతులు తర్వాతి కోడి దగ్గర ఆగిపోయాయి. మూల కూర్చుంటాయి. మేత దగ్గరికి రావు. బంతి తినట్లే, నాకు పెడుతోంది. పుల్ల అబద్ధం చెప్పలేదు. పుల్లకి అబద్ధం చెప్పే వయసు కూడా రాలేదు.

"ఎక్కడికి?" అన్నాడు సూపర్‌వైజరు.

ఆమె అప్పటికే పంజరాల వరస దాటింది. గేటు దగ్గర కాపలా ఆవిడ తడమబోతే చేతులు రెండూ పైకెత్తి, నడుస్తూనే తడిమించుకుంది.

చిన్నకోడలు వసారాలో పసివాడికి పాలిస్తోంది. బంతి ఎప్పటిలాగే మూలలో ఉంది. పెద్దకోడలు దాని ముందు చతికిలబడి పాదం ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలితో నొక్కి, నెమ్మదిగా తీసింది. గుంట పడింది. గుంట పూడుతుందని చూసింది. పూడలేదు. తడిమట్టిలో వేలు గుచ్చినట్టు అలాగే ఉండిపోయింది. రెండో పాదం నొక్కింది. అక్కడా గుంట. మోకాలి కింద చర్మం పాతగోడ సున్నంలా పొరలు లేస్తోంది. ఇన్నాళ్ళూ లావే చూసింది గానీ చర్మం చూడలేదు. వెంట్రుకంత పగుల్ని పట్టుకునే కళ్ళు అవి.

"ఏంటక్కా?"

"ఇది లావు కాదే. నీళ్ళు."

చిన్నకోడలు నవ్వబోయింది. ఆ గుంటలు చూసి ఆగిపోయింది. "నేను గంజి నీళ్ళగా కలిపాననా?"

"కాదే తల్లీ. నువ్వు కాదు." పెద్దకోడలి మెళ్ళో తాళంచెవి చర్మానికి అంటుకుపోయింది.

పట్నం ఆసుపత్రికి ఆ వేళకి వెళ్ళేది ఒక్కటే బండి, ఫారం గుడ్ల వ్యాను. పెద్దకోడలు పుల్లని పక్కింట్లో దింపి, బంతిని ఎత్తుకుని, చిన్నకోడల్ని పసివాడితో సహా లాక్కుని, గేటు ముందు వ్యానుకి అడ్డంగా నిలబడింది.

"మనుషుల్ని ఎక్కించకూడదు," అన్నాడు సూపర్‌వైజరు. "గుడ్లు పగిలితే ఎవరు జవాబు చెబుతారు?"

"ఈ పిల్ల పోతే ఎవరు చెబుతారో అది ముందు చెప్పండి. మీ కోడి మూల కూర్చుంటే డాక్టరొస్తాడు. దీనికి నేనొక్కత్తినే వచ్చాను, అదీ ఆలస్యంగా."

డ్రైవరు సూపర్‌వైజరు వైపు చూడకుండా తలుపు తీశాడు. "ఎక్కండమ్మా. గుంటలు చూసి పోనిస్తాలే, గుడ్లకి అలవాటే."

ఆసుపత్రిలో నర్సు కేంద్రం కాగితం తిరగేసింది. "వాపు లేదు అని ఉందే ఇందులో? బాగుపడింది అని కూడా ఉంది. ఎవరు తీయించారు దీని పేరు?"

చిన్నకోడలు నేల చూసింది. పెద్దకోడలు "నేనే" అంది. నర్సు కాగితం మడిచి పక్కన పెట్టి బంతి పాదం అందుకుంది. ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది.

పద్దెనిమిది రోజులు. పెద్దకోడలు పని మానుకుని ఇంట్లో పుల్లని చూసుకుంటూ రోజు విడిచి రోజు గుడ్ల వ్యానులో వెళ్ళొచ్చేది. నర్సు కొలిచి కొలిచి పాలు పట్టేది. బంతి తగ్గడం మొదలైంది. మొహంలోంచి నీరు దిగింది, పాదాల్లోంచి దిగింది. దిగిన కొద్దీ లోపలి పిల్ల బయటపడింది. చేతులు పుల్లకంటే సన్నం. వీపు మీద ఎముకలు. ఇన్నాళ్ళూ తను ఏడ్చింది ఈ పిల్ల మీద. ఒక పిల్ల చిక్కిపోతుంటే సంతోషించడం ఆమెకి అదే మొదటిసారి. పదమూడో రోజు బంతి గట్టిగా, వార్డంతా వినపడేలా రాగం తీసింది. చిన్నకోడలూ పెద్దకోడలూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ ఏడుపు విన్నారు. అయినా నిజం చెప్పాలి. నర్సు రెండో గ్లాసు పాలు బంతి నోటికి పెట్టినప్పుడు, ఆ క్షణంలో కూడా, పుల్లకి ఒక గుక్క దొరికితే బాగుండునని పెద్దకోడలి లోపల చుర్రుమంది. అది అంత తొందరగా పోయేది కాదు.

పంపించేటప్పుడు ఒకటే చెప్పారు: ఇంటికెళ్ళాక కూడా మూడు నెలలు బలం పొట్లాలు తప్పకూడదు. తప్పితే మళ్ళీ ఇక్కడికే.

తూకం రోజు వచ్చింది. కేంద్రం ముందు బారున తల్లులు. పెద్దకోడలు పుల్లని నడిపిస్తూ, బంతిని చంకనేసుకుని వెళ్ళింది. చిన్నకోడలు పసివాడితో వెనకాల. బరువమ్మ ఆసుపత్రి కాగితం రెండుసార్లు చదివింది. మొహం పాలిపోయింది.

"నాకు ఆ గడి సంగతి ఎవరూ చెప్పలేదమ్మా. ఒట్టు."

"నాకూ కోళ్ళ డాక్టరు చెబితేనే తెలిసింది. ఇప్పుడు దీని పేరు రాయండి."

బరువమ్మ కలం పట్టుకుని జాబితా చూసింది. ఒకటి నుంచి పది దాకా నిండి ఉంది. పదోది పుల్ల.

"ఎవర్ని కొట్టెయ్యమంటావు? నీ కూతుర్నా?"

పెద్దకోడలు వెనక్కి తిరిగింది. బారులోని తల్లులంతా పిల్లల్ని గుండెలకి అదుముకుని ఆమెనే చూస్తున్నారు. ఆ చూపు ఆమెకి తెలుసు. నాలుగు నెలలు అదే చూపుతో మూలలోని పిల్లని చూసింది. ఎవరి పేరు పోతుంది, ఎవరి ఖాళీలో ఎవరు దూరతారు. వాగుడుకాయ కూడా మనవడితో ఉంది. ఆవిడ నోరు మొదటిసారి మూతపడింది.

పెద్దకోడలు వెళ్ళి కాటా కొక్కెం పట్టుకుంది. ఇక తూకం సాగకుండా ఉయ్యాల తీసి భుజాన వేసుకుంది.

"నా కూతుర్ని కొట్టెయ్యొద్దు. ఎవర్నీ కొట్టెయ్యొద్దు. పది కింద గీత ఉంది చూశారా, ఆ గీత కింద పదకొండు వెయ్యండి. వేసి బంతి పేరు రాయండి. తర్వాత ఈ బారులో ఉన్న ప్రతి పిల్ల పాదం నొక్కండి, గుంట పడితే పన్నెండు వెయ్యండి, చెయ్యి ఎర్రగీతకొస్తే పదమూడు వెయ్యండి."

"పైవాళ్ళు ఒప్పుకోరమ్మా."

"పైవాళ్ళని కిందికి రమ్మనండి. వచ్చి వాళ్ళ బొటనవేలితో నొక్కి, ఏ పిల్లని తీసెయ్యాలో ఆ పిల్ల తల్లి మొహం చూసి చెప్పమనండి."

బారులోంచి ఒక తల్లి వచ్చి కొక్కేనికి ఆ వైపు చెయ్యి వేసింది. తర్వాత వాగుడుకాయ వచ్చింది. బరువమ్మ కలం పదకొండు దగ్గర ఆగింది. ఆగి, రాసింది. పేరు రాసింది గానీ ఇవ్వడానికి ఆమె దగ్గర పొట్లాల్లేవు. పదిమంది పిల్లలవే వచ్చాయి.

ఆ పదకొండో పేరున్న కాగితం ఈపాటికి మీ బల్ల మీదికి వచ్చి ఉంటుంది. తప్పుగా నింపారని వెనక్కి పంపకండి. పది అనే అంకెని మీ చేత్తోనే కొట్టెయ్యండి, దాని చోట ఇంకో అంకె రాయకండి. అడిగిన ప్రతి పిల్లకీ పొట్లం పంపండి. బరువమ్మలకి ఆ మొదటి గడి దేనికో నేర్పండి. గోడ అవతల బుట్టల కొద్దీ గుడ్లున్నాయి, గోడ ఇవతల పిల్లకో గుడ్డు రోజూ రావాలి. వచ్చే తూకం రోజు కాదు. వ్యాను ఇవాళే బయల్దేరదీయండి.